మా రోడ్డు మీది సైకిల్ లేన్ తీసేస్తామంటున్నారు, ఉంచమని ఎలా అడగాలి?

పెడల్ పద్మజ (హైదరాబాద్) – సోమవారం రాత్రి

అందరికీ నమస్కారం. మేం నగరానికి పడమటి వైపు ఉంటాం. ఇంటి నుంచి నేను పనిచేసే ల్యాబ్‌కు ఆరు కిలోమీటర్లు. రెండేళ్లుగా సైకిల్ మీదే వెళ్తున్నాను. దారిలో మొదటి కిలోమీటరు మాత్రం సైకిల్ లేన్ ఉంది. రోడ్డుకు ఎడమ పక్క ఆకుపచ్చ రంగు వేసి, మోకాలెత్తు ప్లాస్టిక్ పోస్టులు పెట్టారు. వాటిలో సగం విరిగిపోయాయి, బోల్టులు మాత్రం రోడ్డును పట్టుకుని మిగిలాయి. అయినా ఆ కిలోమీటరు హాయిగా ఊపిరి పీలుస్తూ తొక్కుతాను. అది దాటగానే భుజాలు వాటంతటవే బిగుసుకుంటాయి.

ఆ లేన్ తీసేసి పార్కింగ్ ఇవ్వమని కొందరు దుకాణదారులు, కొన్ని అపార్ట్‌మెంట్ల వాళ్లు అర్జీ పెట్టారు. శనివారం సాయంత్రం కమ్యూనిటీ హాల్లో మీటింగ్. నాకు ఐదు నిమిషాలు మాట్లాడే అవకాశం ఇచ్చారు. “సైకిల్ తొక్కేవాళ్లు ఎవరున్నారమ్మా, ఆదివారం పొద్దున నలుగురు హెల్మెట్లు పెట్టుకుని వస్తారు, అంతే కదా” అని ఒక పెద్దాయన అన్నారు.

ఆ మాటతో ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు ఆరున్నరకు మందుల షాపు ఎదుట వేపచెట్టు కింద నోట్‌బుక్ పట్టుకుని గంటసేపు నిలబడ్డాను. సైకిల్‌కు ఒక గీత. నైట్ డ్యూటీ దిగి ఇంటికెళ్తున్న సెక్యూరిటీ ఆయన, జేబులో టార్చి ఇంకా అలాగే ఉంది. క్యారియర్‌కు పెయింట్ రోలర్లు కట్టుకున్న ఇద్దరు. హ్యాండిల్‌కు టిఫిన్ డబ్బా తగిలించుకుని ఒకావిడ. ఒకే సైకిల్ మీద స్కూలు యూనిఫాంలో అక్కాచెల్లెళ్లు. గంట గడిచేసరికి పేజీ నిండిపోయింది. హెల్మెట్ పెట్టుకున్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఇలాంటి లేన్లు ఎక్కడ నిలిచాయో, ఎక్కడ పోయాయో, ఎందుకు పోయాయో మీకు తెలిసింది చెప్పండి.

శ్రీను కిరాణా (కూకట్‌పల్లి) – సోమవారం రాత్రి

పద్మజ గారూ, నాది మీ వీధి కాదు. కానీ అదే అర్జీ మా వీధిలో తిరిగితే నేను సంతకం పెట్టేవాణ్ని. దాచుకోకుండా చెప్తున్నాను, ఏమీ అనుకోకండి.

నా షాపుకు వారానికి మూడుసార్లు ట్రాలీ ఆటో వస్తుంది. 26 కిలోల బియ్యం బస్తాలు, నూనె డబ్బాలు దించాలి. ఆటో ఎదురుగా ఆగకపోతే హమాలీ అదనంగా అడుగుతాడు. కారులో వచ్చే కస్టమర్ రెండు నిమిషాలు ఆగే చోటు లేకపోతే ఫోన్‌లో ఆర్డర్ పెట్టుకుంటాడు, మళ్లీ నా దగ్గరికి రాడు. నెలనెలా అద్దె కట్టేది ఆ షట్టర్ ముందున్న పది అడుగులను చూసే. సైకిల్ వాళ్ల మీద నాకు కోపం ఏమీ లేదు, మా నాన్న సైకిల్ మీదే కూరగాయలు అమ్మాడు. కానీ మా గోడు కూడా వినాలి కదా.

కెర్బ్ స్టోన్ (సికింద్రాబాద్) – మంగళవారం ఉదయం

నేను పదిహేనేళ్లుగా రోడ్ల డిజైన్ పనిలో ఉన్నాను. శ్రీను గారు చెప్పినది న్యాయమైన ఇబ్బందే, దానికి మార్గం ఉంది. దాని సంగతి కాస్త ఆగి రాస్తాను.

ముందు పద్మజ గారికి. మీటింగ్‌లో “సైకిల్ వాళ్లకు దయ చూపండి” అని అడగకండి. రోడ్డు ఎవరిదన్న లెక్క చెప్పండి. 2011 జనాభా లెక్కల్లో పనికి ఎలా వెళ్తారని దేశమంతటా అడిగారు. వ్యవసాయం, ఇంటి పరిశ్రమ కాకుండా వేరే పనులు చేసేవాళ్లలో నూటికి 13 మంది సైకిల్ మీద వెళ్తున్నామన్నారు. దాదాపు 23 మంది నడిచి వెళ్తున్నామన్నారు. కారులో వెళ్లేవాళ్లు నూటికి ముగ్గురు కూడా లేరు. ఆ తర్వాత బండ్లు చాలా పెరిగాయి, నిజమే. కానీ మీ నోట్‌బుక్‌లో గీతలు పడిన మనుషులు ఎక్కడికీ పోలేదు.

రెండోది, ఇది కొత్త ఆలోచన కాదు. సైకిల్ ట్రాకులు ఎలా వేయాలో, రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) అనే సంస్థ 1962లోనే పుస్తకం వేసింది. నంబర్ ఐఆర్‌సీ-11. కనీసం 2 మీటర్ల వెడల్పు ఉండాలని అప్పుడే రాశారు. 2015లో దాన్ని సవరించి మళ్లీ వేశారు. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం కూడా రోడ్డు స్థలాన్ని బండ్లను కాదు, మనుషులను చూసి పంచాలనే చెప్పింది. కాగితం మీద అన్నీ ఉన్నాయి, రోడ్డు మీదే లేవు.

రోజూ ట్రాఫిక్‌లో (మియాపూర్) – మంగళవారం మధ్యాహ్నం

నేను కారు వాణ్ని. రోజుకు గంటన్నర స్టీరింగ్ పట్టుకుని కూర్చుంటాను. పక్కన ఖాళీ లేన్ కనిపిస్తే కడుపు మండుతుంది. ఆ జాగా మాకిస్తే ట్రాఫిక్ తగ్గదా? పైగా ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సైకిళ్లకని అంత పెద్ద ట్రాక్ కట్టారు. తొక్కాలనుకునేవాళ్లు అక్కడ తొక్కొచ్చు కదా?

పెడల్ పద్మజ – మంగళవారం రాత్రి

ఔటర్ పక్క ట్రాక్ మీద నేనూ తొక్కాను, బాగుంది. 2023 అక్టోబర్ 1న మొదలైంది. 23 కిలోమీటర్లు, నాలుగున్నర మీటర్ల వెడల్పు, పైన సోలార్ ప్యానెళ్లు, వాటి నుంచి 16 మెగావాట్ల కరెంటు. ఒక ముక్క నానక్‌రాంగూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు, ఇంకొకటి నార్సింగి నుంచి కొల్లూరు వైపు. ఎండ తగలదు, లారీ భయం ఉండదు.

కానీ టిఫిన్ డబ్బా తగిలించుకుని వెళ్లే ఆవిడకు నార్సింగి నుంచి కొల్లూరు వెళ్లే పని లేదండీ. ఆమెకు బస్తీ నుంచి అపార్ట్‌మెంట్ దాకా రెండు కిలోమీటర్లు కావాలి. వ్యాయామానికి తొక్కేవాళ్లు సైకిల్‌ను కారు వెనక కట్టుకుని ట్రాక్ దాకా పోగలరు. బతుకుతెరువుకు తొక్కేవాళ్లకు ట్రాక్ వాళ్ల దారిలోనే ఉండాలి.

పాత అట్లాస్ (బాలానగర్) – మంగళవారం రాత్రి

అమ్మా పద్మజా, నాకు 71 ఏళ్లు. టైపు చేయడం నెమ్మది, మనవరాలు సాయం చేస్తోంది.

1978లో నేను బాలానగర్‌లో ఫ్యాక్టరీ పనిలో చేరాను. ఉద్యోగం వచ్చాక కొన్న మొదటి వస్తువు అట్లాస్ సైకిల్. పొద్దున సైరన్ మోగే వేళకు గేటు ముందు రోడ్డంతా సైకిళ్లే. స్టాండులో ఇత్తడి బిళ్ల ఇచ్చేవారు, దాని మీద నంబర్. సాయంత్రం బిళ్ల పోగొట్టుకున్నవాడు అందరూ వెళ్లేదాకా నిలబడాలి, మిగిలిన సైకిల్ అతనిది. రాత్రి దీపం లేకుండా తొక్కితే పోలీసు ఆపేవాడు. డబుల్స్ ఎక్కినా ఆపేవాడు. అంటే అప్పుడు సైకిల్‌ను కూడా ఒక బండిగా లెక్కపెట్టేవారు. ఆ రోజుల్లో లేన్ అవసరం రాలేదు, రోడ్డంతా మాదే కనుక.

ఇప్పుడు ఆపడానికి కూడా మమ్మల్ని ఎవరూ చూడరు. అట్లాస్ వాళ్ల సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న ఆగిపోయింది. అది ప్రపంచ సైకిల్ దినోత్సవం. ఆ రోజు పేపర్ చదివి నా సైకిల్ తుడుచుకుని కూర్చున్నాను. దాన్ని ఇప్పటికీ పాలకు, గుడికి తొక్కుతాను. మెయిన్ రోడ్డు దాటాల్సి వస్తే మాత్రం దిగి నడిపించుకుంటూ పోతాను.

బ్లూర్ వీధి (టొరంటో) – బుధవారం తెల్లవారుజామున

మాది ఏలూరు, ఎనిమిదేళ్లుగా కెనడాలోని టొరంటోలో ఉంటున్నాను. పద్మజ గారూ, మీ కష్టం నాకు బాగా అర్థమవుతుంది. ఇక్కడా అదే గొడవ, కోర్టు దాకా వెళ్లింది.

బ్లూర్, యాంగ్, యూనివర్సిటీ అనే మూడు పెద్ద రోడ్ల మీద సిటీ వాళ్లు సైకిల్ లేన్లు వేశారు. వాటిని తీసేసి కార్లకు ఇస్తామని 2024 నవంబర్‌లో మా ఒంటారియో రాష్ట్ర ప్రభుత్వం చట్టం తెచ్చింది. ట్రాఫిక్ తగ్గించడానికే అన్నారు. సైకిల్ తొక్కేవాళ్లు కేసు వేశారు. అందులో ఒక యూనివర్సిటీ విద్యార్థిని ఉంది, సైకిల్ మీద భోజనాలు చేరవేసే అతను ఉన్నాడు. 2025 జులైలో తీర్పు వచ్చింది. లేన్లు తీస్తే మనుషులకు దెబ్బలు, చావులు పెరుగుతాయి, తీసినందువల్ల ట్రాఫిక్ తగ్గుతుందనడానికి ఆధారం లేదు, కాబట్టి ఇది ప్రాణ రక్షణ హక్కుకు విరుద్ధం అని జడ్జి కొట్టేశారు. ప్రభుత్వం అప్పీలుకు వెళ్లింది.

నాకు అందులో నచ్చిందేమిటంటే, కొత్త లేన్ వేయాలని ప్రభుత్వాన్ని బలవంతపెట్టడం వేరు, ఉన్న రక్షణను తీసేసి మనిషిని ప్రమాదంలోకి నెట్టడం వేరు అన్న తేడాను జడ్జి చూశారు. మీ మీటింగ్‌లో ఈ మాట పనికొస్తుంది. మీరు కొత్తగా అడిగేది ఏమీ లేదు, ఉన్నది తీయొద్దంటున్నారు.

సిల్క్ బోర్డు బాధితుడు (బెంగళూరు) – బుధవారం ఉదయం

మా దగ్గర జరిగింది కూడా వినండి. 2020లో కోవిడ్ సమయంలో మా ఔటర్ రింగ్ రోడ్డు మీద బొల్లార్డులు (అడ్డుగా నిలబెట్టే పోస్టులు) పెట్టి సైకిల్ లేన్ మొదలుపెట్టారు. కొన్నాళ్లు రోజూ ఆఫీసుకు దాని మీదే వెళ్లాను. తర్వాత రెండు పోస్టుల మధ్య నుంచి బైకులు దూరడం మొదలైంది. డెలివరీ అబ్బాయిలు, ఆటోలు, చివరికి వాటర్ ట్యాంకర్ కూడా. ఒక పోస్టు విరిగితే కొత్తది పెట్టేవాళ్లు లేరు. ఆపై మెట్రో పనులు వచ్చాయి.

లేన్ ఒక్క రోజులో పోదండీ. మొదట ఒక పోస్టు, తర్వాత ఒక స్కూటర్, తర్వాత ఒక పానీపూరీ బండి. చివర్లో “ఎవరూ వాడటం లేదు కదా” అంటారు. కాబట్టి మీ దగ్గర విరిగిన పోస్టుల ఫోటోలు తీసి మీటింగ్‌కు పట్టుకెళ్లండి. సిమెంటు కెర్బ్ (అంచున కట్టే గట్టు) అడగండి. ప్లాస్టిక్ పోస్టు అడిగితే ఆరు నెలలకు మళ్లీ ఇదే మీటింగ్.

హన్మకొండ సైకిల్ (వరంగల్) – బుధవారం సాయంత్రం

2020లో కేంద్ర ప్రభుత్వం సైకిల్స్ ఫర్ చేంజ్ అని నగరాలకు పోటీ పెట్టింది. 2021లో ఎంపిక చేసిన 11 నగరాల్లో మా వరంగల్ ఒకటి. బెంగళూరు, నాగ్‌పూర్, సూరత్ పక్కన మా ఊరి పేరు చూసి ఆ రోజు చాలా సంతోషపడ్డాను. పెద్ద నగరాలకే సాధ్యమనే మాట తప్పని తేలింది. మా ఊళ్లో కాలేజీ పిల్లలు, కాజీపేట వైపు పనికెళ్లేవాళ్లు ఇప్పటికీ సైకిళ్ల మీద కనిపిస్తారు. దూరాలు తక్కువ, అదే మా బలం.

ఢిల్లీ సంగతి కూడా చెప్పాలి. 2008లో అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా బస్సులకు వేరే దారి, పక్కన సైకిళ్లకు వేరే దారి వేశారు. 5.8 కిలోమీటర్లు. కార్ల వాళ్ల నుంచి వ్యతిరేకత వచ్చి 2016లో మొత్తం పీకేశారు.

వంటమ్మ కూతురు (హైదరాబాద్) – బుధవారం రాత్రి

ఇంతమంది పెద్దవాళ్లు రాస్తున్నచోట నేను రాయొచ్చో లేదో తెలియదు. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. పద్మజ అక్క రాసిన టిఫిన్ డబ్బా ఆవిడ మా అమ్మ కాకపోవచ్చు, కానీ చదువుతుంటే అమ్మే కనిపించింది.

అమ్మ నాలుగు ఇళ్లలో వంట చేస్తుంది. మొదటి ఇంటికి ఆరున్నరకు ఉండాలి. ఆటోకు ఇస్తే ఒక ఇంటి జీతం అందులోనే పోతుంది. అందుకే సైకిల్ నేర్చుకుంది, ముప్పై ఎనిమిదేళ్ల వయసులో, నా పాత సైకిల్ మీద. చీర కొంగు చైన్‌లో పడకుండా నడుముకు చుట్టి పిన్ను పెట్టుకుంటుంది.

పోయిన వానాకాలం ఒక కారు మరీ దగ్గరగా వచ్చింది. అమ్మ ఎడమ పక్కకు జరిగింది. అక్కడ వాన నీళ్లు పోయే ఇనుప జాలీ ఉంది. దాని ఊచలు రోడ్డు పొడుగునే ఉన్నాయి, ముందు చక్రం సందులోకి దిగిపోయింది. అమ్మ చెయ్యి విరిగింది. కారు ఆగలేదు. రెండు నెలలు నేనే వెళ్లి వంట చేశాను, ఇద్దరు మానేయమన్నారు, ఇద్దరు ఉంచారు. ఇప్పుడు అమ్మ ఆ రోడ్డు మీద సైకిల్ తొక్కదు. పక్కన పట్టుకుని నడుస్తుంది, నలభై నిమిషాలు.

ఆ జాలీ ఊచలు అడ్డంగా ఉంటే చక్రం దిగదట. మెకానిక్ అన్న చెప్పాడు.

కెర్బ్ స్టోన్ – బుధవారం రాత్రి

తల్లీ, నువ్వు తప్పకుండా రాయాలి. మెకానిక్ చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఊచలు చక్రానికి అడ్డంగా ఉండాలి, లేదా గళ్ల జాలీ వేయాలి. ఇది పెద్ద ఖర్చు కాదు, బిగించేటప్పుడు తిప్పి పెట్టడమే. నీ పోస్టు చదివాక, పాతికేళ్ల వయసులో నేను చెక్ చేయకుండా సంతకాలు పెట్టిన పనులు గుర్తొచ్చాయి. చాలా బాధగా ఉంది.

మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించి 198ఎ అనే సెక్షన్ చేర్చారు. ప్రమాణాలు పాటించకుండా రోడ్డు డిజైన్ చేసినందువల్లో, కట్టినందువల్లో, నిర్వహించినందువల్లో మనిషి చనిపోయినా, వికలాంగులైనా లక్ష రూపాయల దాకా జరిమానా పడుతుంది. పద్మజ గారూ, మీ దారిలో జాలీలు ఎటు తిరిగి ఉన్నాయో ఫోటోలు తీయండి.

ఇప్పుడు శ్రీను గారికి మాట ఇచ్చినది. లేన్‌ను, పార్కింగ్‌ను అటూ ఇటూ మార్చాలి. ఇప్పుడు చాలాచోట్ల ఫుట్‌పాత్, ఆగిన కార్లు, ఆ తర్వాత సైకిళ్లు, వాటిని ఒరుసుకుంటూ బస్సులు. కారు తలుపు తెరుచుకుంటే సైకిల్ అతను బస్సు ముందు పడతాడు. దానికి బదులు ఫుట్‌పాత్ పక్కనే సైకిల్ లేన్, తర్వాత తలుపు తెరిచేంత జాగా వదిలి కెర్బ్, ఆ తర్వాత ఆగే బండ్లు. అప్పుడు ఆగిన కార్లే సైకిళ్లకు గోడ. రోడ్డు వెడల్పు చాలనిచోట కొన్ని బండ్ల జాగా పోతుంది, అది దాచను. కానీ ఒక కారు ఆగే చోట ఎనిమిది పది సైకిళ్లు నిలుస్తాయి, అవీ కస్టమర్లే. సరుకు ఆటోకు రంగు గీసి వేళలు కేటాయించాలి, మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు మధ్య.

జంక్షన్ సంగతి మరువకండి. లేన్ మధ్యలో ఎంత బాగున్నా ప్రాణం పోయేది ఫ్రీ లెఫ్ట్ దగ్గరే. సైకిల్ నేరుగా వెళ్తుంది, బండి ఆగకుండా ఎడమకు తిరుగుతుంది. ఆ మలుపును ఇరుకు చేసి, కాస్త ఎత్తు పెంచితే బండి వేగం తగ్గుతుంది. స్పెయిన్‌లో సెవిల్ నగరం 2006 నుంచి నాలుగేళ్లలో దాదాపు 120 కిలోమీటర్ల లేన్లను ఎక్కడా తెగకుండా కలిపింది, అందుకే జనం సైకిలెక్కారు. ముక్కలు ముక్కలుగా వేస్తే ఎక్కరు.

రోజూ ట్రాఫిక్‌లో – గురువారం ఉదయం

ఆ అమ్మాయి రాసింది రాత్రి మా ఆవిడకు చదివి వినిపించాను. మా ఇంట్లో వంట చేసే ఆమె ఎలా వస్తుందో మా ఇద్దరికీ తెలియదు. పొద్దున అడిగాం. సైకిల్ మీదేనట.

ట్రాఫిక్ గురించి నా ప్రశ్న నాకు ఇంకా ఉంది. కానీ “ఔటర్‌కు పోయి తొక్కుకోండి” అన్నది తప్పు. వెనక్కి తీసుకుంటున్నాను.

పెడల్ పద్మజ – గురువారం రాత్రి

మీ ప్రశ్న కూడా న్యాయమైనదే అండీ. కారులో ఉన్న మీరు ఆగి ఉంటారు, పక్కన సైకిల్ ఆగకుండా పోతుంది, అందుకే లేన్ ఎప్పుడూ ఖాళీగా కనిపిస్తుంది. వేపచెట్టు కింద గంట నిలబడితే కానీ నాకూ తెలియలేదు.

ఇంకొకటి చదివాను. నెదర్లాండ్స్‌ను సైకిళ్ల దేశం అంటాం కదా, అక్కడ కూడా 1960ల్లో రోడ్లన్నీ కార్లకే ఇచ్చేశారు. 1971లో ఒక్క ఏడాదిలో రోడ్ల మీద దాదాపు 3,300 మంది చనిపోయారు, వాళ్లలో 400 మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు రోడ్ల మీద కూర్చుని అడిగాకే లేన్లు వచ్చాయి. మన దేశంలో 2022లో రోడ్ల మీద పోయినవాళ్లు 1,68,491 మంది. ఆ అంకె రాస్తుంటే చెయ్యి ఆగింది.

పెడల్ పద్మజ – శనివారం రాత్రి

ఇప్పుడే మీటింగ్ నుంచి వచ్చాను. అరవై డెబ్బై మంది ఉన్నారు. ఐదు నిమిషాలన్నారు, పన్నెండు నిమిషాలు మాట్లాడనిచ్చారు. నోట్‌బుక్ పేజీ అందరికీ చూపించాను. మా దారిలో తొమ్మిది జాలీలు ఉన్నాయి, వాటిలో ఏడింటి ఊచలు రోడ్డు పొడుగునే ఉన్నాయి. ఆ ఫోటోలు చేతులు మారాయి. వంటమ్మ కూతురి పోస్టును, తన అనుమతి అడిగి, చదివాను. హాలు నిశ్శబ్దమైపోయింది.

లేన్ ఉంచుతామని అనలేదు. తీసేస్తామనీ అనలేదు. రెండు వారాలు వాయిదా వేశారు. జాలీలు మాత్రం తిప్పి పెట్టిస్తామన్నారు. ఒక గంట లెక్క సరిపోదని, వారం రోజులు పొద్దున, సాయంత్రం లెక్క కావాలని అడిగారు. మొదట “సైకిల్ తొక్కేవాళ్లు ఎవరున్నారమ్మా” అన్న పెద్దాయనే “నేనూ వచ్చి నిలబడతానమ్మా” అన్నారు.

సరుకు ఆటో వేళల గురించి చెప్పినప్పుడు దుకాణదారుల్లో ఇద్దరు ముగ్గురు తలూపారు. శ్రీను గారూ, మీరు రాయకపోతే నేను ఆ సంగతి ఎత్తేదాన్నే కాదు.

శ్రీను కిరాణా – శనివారం రాత్రి

మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు అంటే మాకు కుదరదు, ఆ వేళకు హోల్‌సేల్ బండి ఇంకా బేగంబజార్‌లోనే ఉంటుంది. మూడు నుంచి అయిదు అని రాయించండి. అలా రాస్తే మా వీధిలో కూడా నేను మాట్లాడతాను.

పెడల్ పద్మజ – శనివారం రాత్రి

రాయిస్తాను. సోమవారం నుంచి లెక్క మొదలు. పొద్దున ఆరున్నర, సాయంత్రం ఆరు. ఇంకా ఇద్దరు కావాలి.

వంటమ్మ కూతురు – శనివారం రాత్రి

పొద్దున నేను వస్తాను అక్కా. అమ్మ కూడా వస్తానంటోంది, పని ఏడున్నరకు మార్చుకుంటుందట. ఎక్కడ నిలబడాలి?

పెడల్ పద్మజ – శనివారం రాత్రి

మందుల షాపు ఎదుట, వేపచెట్టు కింద. పెన్నులు నేను తెస్తాను. అమ్మను సైకిల్ తెచ్చుకోమను, జాలీలు లేని పక్క నుంచి నేను తోడు వస్తాను.